చున్యా పెళ్ళికి కోసిన టీ దుంగ

మా అన్నయ్యకీ తమ్ముడికీ మాటల్లేక ఇరవై ఏళ్ళు దాటింది. పుట్టుకలో నేను ఇద్దరి మధ్యదాన్ని. ఆ పాపానికి వాళ్ళ కబుర్లు మోసే పని కూడా నాకే పడింది. అన్నయ్య తావ్ షౌషాన్, జి నదికి అవతలి ఒడ్డున ఉంటాడు. భార్యని పోగొట్టుకున్న తమ్ముడు చిలిన్ ఇవతలి ఒడ్డున, కొండ మీద మా నాన్న కట్టిన ఇంట్లో ఉంటాడు. మధ్యలో పడవల రేవు, రేవు పక్కనే మా ఇల్లు. "మీ తమ్ముడికి చెప్పు" అంటాడు ఆయన. "మీ అన్నకి చెప్పు" అంటాడు ఈయన. వాళ్ళిద్దరూ నాకు అన్నా తమ్ముడేనట, ఒకరికొకరు మాత్రం ఏమీ కారట.

నా కూతురు చున్యాకి పెళ్ళి కుదిరిన రోజు నుంచి నాకు నిద్ర పట్టలేదు. మా వైపు పెళ్ళిళ్ళలో మేనమామదే పెద్దపీట. ఆయన మొదటి గిన్నె టీ తాగాకే పెళ్ళికూతురు గడప దాటాలి. మేనమామలు ఇద్దరుంటే ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పక్కపక్కన కూర్చోవాలి. పెళ్ళి చేయడం నాకు కష్టమనిపించలేదు. వియ్యాలవారు మంచివాళ్ళు, వంటకి మనుషులు దొరికారు. ఈ ఇద్దర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం ఎలాగన్నదే నా బెంగ. కూర్చోకపోతే, నా కూతురు అత్తవారింటికి వెళ్తున్నట్టు కాదు, మా ఇంటి గొడవలోంచి పారిపోతున్నట్టు ఉంటుంది.

దానికి తోడు దుంగ ఒకటి.

మా తావ్ ఇంటిపేరు వాళ్ళలో ఆడపిల్ల పుట్టిన ఏడాది వేసవిలో మేనమామలు ఆ పిల్ల పేర ఒక టీ దుంగ చుడతారు. మనిషెత్తు ఉంటుంది. వెయ్యి లియాంగుల బరువని పేరు, ఎత్తి చూస్తే పదేళ్ళు దాటిన పిల్లాడంత. పెళ్ళి నాడు దాన్ని వాకిట్లో అడ్డంగా పెట్టి రంపంతో కోస్తారు. మొదటి చక్రం మేనమామల గిన్నెల్లోకి, రెండోది వియ్యాలవారి చేతికి. రంపం అటు ఒకరు, ఇటు ఒకరు పట్టాలి. ఆ పట్టేది కూడా మేనమామలే.

చున్యా దుంగ మా ముందు గదిలో మూలన ఇన్నేళ్ళూ నిలబడే ఉంది. వచ్చినవాళ్ళందరూ దాన్ని వేలితో కొట్టి చూసేవాళ్ళు. రాయిని కొట్టినట్టు ఖణేల్‌మనేది. "ఈ నది పొడుగునా ఇంత గట్టి దుంగ లేదు" అనేవాళ్ళు. నేను పొంగిపోయి ఇంకో గిన్నె టీ పోసేదాన్ని.

ఈ దుంగల పని ఎక్కణ్ణుంచి వచ్చిందో మా నాన్న తాగినప్పుడల్లా చెప్పేవాడు. ఎప్పుడో ఉత్తరాది నుంచి షాన్షీ వర్తకులు మా కొండలకి వచ్చేవాళ్ళు. విడి ఆకు గుర్రం మీద చోటంతా తినేస్తుంది, వానొస్తే తడిసిపోతుంది. అందుకని ఆకుని ఆవిరి పట్టి, పొడుగాటి వెదురు బుట్టలో కూరి, తొక్కి తొక్కి దుంగలు చేయించుకున్నారు. పడవ మీద, గుర్రం మీద, ఆ తర్వాత ఒంటె మీద నెలల తరబడి పోయేవి. ఆ దారిలోనే మాగేవి. కూరానారా దొరకని గడ్డి మైదానాల్లో మాంసం తిని బతికేవాళ్ళు ఆ టీని పాలూ ఉప్పూ వేసి మరగబెట్టుకునేవాళ్ళు. తిండి లేకపోయినా మూడు రోజులుంటారు గానీ మన టీ లేకపోతే ఒక పూట ఉండరని నాన్న గొప్పగా చెప్పేవాడు. ఆయన వాళ్ళలో ఒక్కణ్ణి కూడా చూసి ఎరగడు. మేం మొహం తెలియని జనం కోసం టీ చేసినవాళ్ళం. మంచిది ఉత్తరానికి పోయేది, చాపల కింద రాలిన తుక్కు మా కుండల్లోకి వచ్చేది. ఇప్పుడు పట్నం వాళ్ళు అదే టీని బుల్లి గాజు గిన్నెల్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, ముక్కుతో పీలుస్తున్నారు. పీల్చనీ, నాకేం. నాన్న ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

యంత్రాలొచ్చి, టీని ఇటుకల్లా అచ్చు వెయ్యడం పెరిగాక దుంగలు చుట్టేవాళ్ళు తగ్గిపోయారు. నాన్న మాత్రం తన జట్టుని వదల్లేదు. చొక్కాలు విప్పేసిన మగవాళ్ళు వరసగా నిలబడి దుంగని కాళ్ళతో దొర్లిస్తారు. వెదురు బద్దలు బిగిస్తారు. పెద్ద మీట కర్రకి వేలాడి నొక్కుతారు, కొయ్య సుత్తితో బాదుతారు, మళ్ళీ దొర్లిస్తారు. ఒకడు కూత పెడతాడు, మిగతావాళ్ళు అందుకుంటారు. కూతని బట్టే కాళ్ళు కదులుతాయి. కానీ ఎప్పుడు ఆపాలో కూత పెట్టేవాడికి తెలియదు. మీట చివర ఉన్నవాడికి తెలుస్తుంది, దుంగ ఎంత బిగిసిందో అతని చేతికే తగులుతుంది కాబట్టి. అతను "చాలు" అన్నాకే కూత ఆగుతుంది. ఆ మాట ఇంకెవరూ అనకూడదు. అది మా జట్టు కట్టుబాటు.

నాన్న ఉన్నంత కాలం కూత ఆయనది, మీట అన్నయ్యది. ఆయన పోతూ పోతూ కూత తమ్ముడికి ఇచ్చాడు. తమ్ముడిది మంచి గొంతు, అన్నయ్యది బొంగురు గొంతు. ఎవరైనా అదే చేసేవాళ్ళు. అన్నయ్య పైకేమీ అనలేదు. తనకంటే చిన్నవాడు కూత పెడుతుంటే తను అడుగు వేయడం మాత్రం ఆయనకి మింగుడు పడలేదు.

చున్యా పుట్టిన ఏడాది వేసవిలో, తమ్ముడు కూత పెట్టిన మొదటి దుంగ చున్యాది. నేను పిల్లని వీపున కట్టుకుని, బుట్ట లోపల ఆకులు పరిచి ఇచ్చి, ఓ పక్కన కూర్చుని చూశాను. మామూలుగా ఆగే చోటు వచ్చింది, దాటిపోయింది. తమ్ముడు కూత పెడుతూనే ఉన్నాడు. అన్నయ్య పళ్ళు బిగించి నొక్కుతూనే ఉన్నాడు. వెదురు బద్దలు కీచుమన్నాయి. జట్టులో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి సుత్తి పట్టిన ముసలాయన సుత్తి కింద పడేసి, నా వల్ల కాదని కూర్చుండిపోతే పని ఆగింది. నేనేమనుకున్నానో చెప్పనా? నా బిడ్డ మీద ఇద్దరికీ ఎంత ప్రేమో అనుకున్నాను.

ఆ తర్వాత అన్నయ్య జట్టు మానేసి, నది దాటి, టీ ఇటుకల ఫ్యాక్టరీలో చేరాడు. తమ్ముడి మీద కుళ్ళని ఊరంతా అంది. నేనూ అన్నాను. మా ఇంటికి కూడా రావడం మానేశాడు. పండక్కి మిఠాయిలు తెచ్చినా రేవు మెట్ల మీదే నా చేతిలో పెట్టి, అదే పడవలో వెళ్ళిపోయేవాడు. లోపలికి రమ్మంటే పనుందనేవాడు. మా ఇంట్లో తమ్ముడు ఎదురవుతాడని భయం కాబోలు అనుకున్నాను.

పెళ్ళికి పిలవడానికి వెళ్ళేసరికి అన్నయ్య అరుగు మీద కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తున్నాడు.

"వస్తానే. నా మేనకోడలి పెళ్ళికి రాకుండా ఉంటానా?"

"వాడి పక్కన కూర్చోవాలి మరి."

"కూర్చుంటా. కరుస్తాడా ఏంటి?"

నాకు నవ్వొచ్చింది. ఇంత తేలికైన పనికా ఇన్నాళ్ళూ నిద్ర మానుకున్నాను అనుకుని, "రంపం కూడా మీరిద్దరే పట్టాలి" అన్నాను.

ఆయన చేతులు ఆగిపోయాయి. "ఆ దుంగ కొయ్యకే చెల్లాయ్. ఉండనీ. ఎంత పాతబడితే అంత మంచిది కదా. నా దగ్గర మంచి టీ ఇటుక ఉంది, బాగా మాగి లోపలంతా బంగారం రంగు పూత పట్టింది. అది ఇస్తా, దాంతో కానిచ్చెయ్."

"పిల్ల పేర చుట్టిన దుంగ ఇంట్లో పెట్టుకుని ఫ్యాక్టరీ ఇటుకతో మర్యాదలు చెయ్యమంటావా? వియ్యంకుడికి టీ ఆకు అమ్మే కొట్టుంది. నవ్విపోతాడు."

"నవ్వితే నవ్వుతాడు. ఆ దుంగ కోసేటట్టయితే నేను రాను."

"వాడితో రంపం పట్టడం నామోషీ అయితే ఆ మాటే చెప్పు. నోరు లేని దుంగ మీద పెట్టి మాట్లాడతావెందుకు?"

ఆయన మళ్ళీ గింజలు ఒలవడం మొదలుపెట్టాడు. పడవలో వస్తుంటే నాకు కోపంతో ఏడుపొచ్చింది. పడవవాడు చూడకుండా మొహం నీళ్ళవైపు తిప్పుకున్నాను.

తమ్ముడికి చెబితే చిందులు తొక్కాడు. "కొయ్యకపోవడమేంటక్కా? నాన్న పోయాక నేను కూత పెట్టిన మొదటి దుంగ అది. ఇన్నేళ్ళూ మీ ఇంటికొచ్చిన ప్రతిసారీ దాన్ని తట్టి వెళ్ళేది ఎందుకనుకున్నావు? అది తెరిస్తే నా పేరు నిలబడుతుంది. ఆయనకి అదీ బాధ. రాకపోతే మానెయ్యమను."

"మానెయ్యమనడానికి నువ్వెవడివిరా? కుర్చీ నా ఇంట్లో, పెళ్ళి నా కూతురిది."

"అయితే ఆయన మాటే విను. నేను కూడా రాను."

ఇద్దరూ రాకపోతే పీడా పోతుందని అప్పటికి అనేశాను గానీ, పడుకుంటే గుండె మీద బండ పెట్టినట్టుంది. ఆఖరికి చున్యా తనే పడవెక్కింది. అది యియాంగ్ పట్నంలో పంతులమ్మ, మొండి పిల్లల్ని దారిలో పెట్టడం దానికి రోజూ ఉన్న పనే. పెద్దమావయ్యతో ఏం మాట్లాడిందో తర్వాత నాకు చెప్పింది.

"అది నా దుంగ మావయ్యా. లోపలేముందో నాకు చూడాలనుంది. నువ్వు పట్టకపోతే రంపం పడవవాడు పడతాడు."

ఆయన "బాగుండకపోతే?" అని అడిగాడట.

"బాగుండకపోతే పారేద్దాం. అది టీయే కదా."

ఆ మాటకి ఆయన దాని తల నిమిరి, వస్తానన్నాడట. ఆయన వస్తున్నాడని తెలిశాక తమ్ముడికీ పంతం చల్లారింది. రాకపోతే ఓడినట్టు అవుతుంది మరి.

పెళ్ళి నాడు ఎండ బాగా కాసింది. వాకిట్లో దిమ్మెల మీద దుంగని పడుకోబెట్టి, పైన తాటి పీచూ వెదురు అల్లికా ఊడదీశాం. అన్నయ్య మా గడప తొక్కి ఇన్నేళ్ళయింది. లోపలికొచ్చాడు గానీ దుంగ వైపు చూడలేదు. తమ్ముడు కొత్త చొక్కా చేతులు మడిచి, వియ్యంకుడు చన్ గారికి దాన్ని కొట్టి వినిపించాడు.

"చూశారా బావగారూ, రాయి."

"రాయినైనా ఉడకబెట్టుకు తాగేవాళ్ళం మేం. ముందు కొయ్యండి" అన్నారు చన్ గారు. ఆయన వేళ్ళు అప్పటికే ఊరుకోవడం లేదు, టీ కొట్టువాళ్ళకి ఉండే జబ్బే అది.

రంపం పట్టారు. ఒకరు లాగుతుంటే ఇంకొకరు వదలాలి. మా వాళ్ళు వదలడం ఎరగరు. ఇద్దరూ లాగేవాళ్ళే. రంపం మాటిమాటికీ ఇరుక్కుపోయింది. చూస్తున్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను, నాకు ఒళ్ళంతా చెమటలు పట్టాయి గానీ నవ్వాను. ఎర్ర కాగితం మీద టీ పొట్టు రాలుతోంది. ఆకుని దేవదారు మంట మీద ఆరబెట్టిన కమ్మటి పొగ వాసన వాకిలంతా నిండింది. ఆడవాళ్ళు ముక్కులు ఎగబీల్చారు. తమ్ముడి మొహం వెలిగిపోయింది. అన్నయ్య తల ఎత్తలేదు.

చక్రం ఊడి కాగితం మీద పడింది.

అంచు చుట్టూ నాలుగు వేళ్ళ మందాన టీ నల్లగా నిగనిగలాడుతోంది. మధ్యలో అరచేయంత మేర బొగ్గు. ముట్టుకోకుండానే పొడిపొడిగా రాలింది. పుల్లటి కుళ్ళు వాసన వచ్చింది. ముందు వచ్చిన మంచి వాసన ఎటు పోయిందో తెలియదు.

"గుండె మాడింది" అంది వెనకాల ఎవరో ముసలమ్మ.

మా వైపు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆవిరి పట్టిన ఆకులో తడి ఉంటుంది. దుంగని ఎండలో, మంచులో నిలబెట్టినన్నాళ్ళూ ఆ తడి కొంచెం కొంచెంగా బయటికి పోవాలి. అందుకు సందుండాలి. మరీ బిగిస్తే తడి లోపలే ఉండిపోయి, వేడెక్కి, గుండెని కాలుస్తుంది. వదులైతే దుంగ పాడవుతుందని అందరూ భయపడతారు. ఎక్కువ బిగిస్తే పాడవుతుందని భయపడేవాళ్ళు తక్కువ. ఇన్నేళ్ళూ నేను ఊరందరితో కొట్టించి ఖణేల్‌మనిపించింది ఆ జబ్బునేనన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను. పెళ్ళివారి మొహాలు చూడలేక నా కాలివేళ్ళు చూసుకుంటూ నిలబడ్డాను.

తమ్ముడు వంగి ఆ నలుపుని వేలితో తాకాడు. "ఇదేంటి" అన్నాడు. ఎవరినీ అడిగినట్టు లేదు.

"నేను 'చాలు' అనలేదు" అన్నాడు అన్నయ్య.

ఆ గొంతు తమ్ముడి వైపు తిరిగి మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

"దుంగ బిగిసిపోయిందని మీట చెప్పింది. రెండుసార్లు చెప్పింది. నేను నోరు విప్పలేదు. అడుగుతావేమో చూద్దామనుకున్నా. 'అన్నా, చాలా?' అని ఒక్క మాట అడుగుతావేమోనని."

"నేనెందుకడుగుతా? చెప్పాల్సింది నువ్వు."

"ఔను, నేనే."

"నువ్వు చెప్పట్లేదు కదా, ఇంకా కావాలేమో, నేను ఆపితే నాకు దమ్ము లేదంటావేమో అనుకుని కూత పెడుతూనే ఉన్నా. గొంతులో రక్తం వచ్చింది ఆ రోజు." తమ్ముడు మసి అంటిన వేలు ఆయనకి చూపించాడు. "తెలిసీ ఇన్నేళ్ళూ చెప్పలేదా? ప్రతి పండక్కీ దీన్ని తట్టి మురిసిపోయాను కదా. నీ ముందు కాకపోయినా ఊరందరి ముందూ."

"ఆ రోజు నోరు మూసుకున్నది కడుపుమంటతో. తర్వాత మూసుకున్నది భయంతో. ఈ పిల్ల దుంగ పాడుచేశానని దీని తల్లికి ఎలా చెప్పను? ఆ ఇంట్లోకొచ్చి దాని పక్కన కూర్చుని ఎలా తినను?"

అప్పుడు తెలిసింది నాకు. అన్నయ్య రేవు మెట్లు దాటి రాకపోవడానికి కారణం తమ్ముడు కాదు. నా ముందు గదిలో మూలన నిలబడ్డ దుంగ. ఇన్నేళ్ళూ ఆయన్ని ఎన్ని మాటలన్నానో నేను.

చన్ గారు ఎప్పుడు వంగారో, అంచు నుంచి ఒక ముక్క విరిచి నములుతున్నారు. "అంచు బ్రహ్మాండంగా ఉంది. కొట్టుకి తెస్తే కొనను, అది వేరే సంగతి. ఇంట్లో పెడితే తాగుతాను. కుండ పెట్టు చెల్లెమ్మా, నోరు ఎండిపోతోంది" అన్నారు. ఆయనకి రుణపడిపోయాను. చున్యా పెళ్ళి బట్టల్లోనే గొంతుక్కూర్చుని, మధ్యలోని మసిని కత్తితో గీకి పారేసి, అంచులు విరిచి కుండలో వేసింది. దాని చేతులకి నలుపు అంటుకుంది. కడుక్కోమన్నా వినలేదు.

ఇద్దరూ బల్ల దగ్గర పక్కపక్కనే కూర్చున్నారు. నేను కోరుకున్నది అదే, అయింది. టీ ఎర్రగా, చిక్కగా దిగింది. చున్యా ఇద్దరికీ రెండు చేతులతో గిన్నెలు అందించింది. ఇద్దరూ గిన్నెలు పట్టుకుని కూర్చున్నారు గానీ తాగలేదు. బయట పెళ్ళివారి పడవ సిద్ధంగా ఉంది. తొందరపెడదామని వెళ్ళాను. అన్నయ్య గిన్నెలోకి చూస్తూ మాట్లాడుతున్నాడు.

"మీ ఆవిడ పోయినప్పుడు వచ్చాన్రా."

"తెలుసు. వెదురు పొద పక్కన నిలబడ్డావు. చూశాను."

"చూసి పిలవలేదేం?"

"వస్తావనుకున్నా." తమ్ముడు కళ్ళు ఎత్తలేదు. "ఆమెని తీసుకెళ్ళాక కూడా తలుపు వెయ్యనివ్వలేదు."

అన్నయ్య గిన్నె ఎత్తి తాగాడు. తమ్ముడూ తాగాడు. చున్యా వాళ్ళకి దణ్ణం పెట్టి గడప దాటింది. నేను తలుపు పట్టుకుని, ఆపుకోలేక, గట్టిగా ఏడ్చాను. ఆడవాళ్ళందరూ నా చుట్టూ చేరి నాతో పాటు ఏడ్చారు. కూతుర్ని పంపేటప్పుడు తల్లి ఏడవడం మా దగ్గర మర్యాద కాబట్టి, ఎందుకని ఎవరూ అడగలేదు.